పడకల బండి ట్యాంకు

మల్యాల దాటగానే పడకల బండి మూడోసారి ఆగింది. కోరుట్ల నుంచి రెండు బస్సులు మారి, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని మెకానిక్ జలపతి అక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తికెక్కింది. యాభై రెండేళ్ల ఒళ్లు. నడుము ఎప్పుడో మొరాయించింది.

బండి అర్జున్ రావుది. ఇబ్రహీంపట్నంలో పొలాలు కౌలుకిచ్చేసి, భార్య రుక్మిణితో ఊళ్లు తిరగాలని ముప్పై ఏళ్ల నాటి డీజిల్ వ్యాను కొన్నాడు. లోపల రెండు పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము. ఇరవై కిలోమీటర్లు బుద్ధిగా పోతుంది, దగ్గుతుంది, చస్తుంది. అరగంట ఊరుకుంటే మళ్లీ లేస్తుంది.

రెండు నెలల కింద ట్యాంకు దింపి తుప్పు కడిగింది జలపతే. ఆ తర్వాతే ఈ రోగం. తప్పు తన చేతి మీదికొస్తుందని భయపడి, అంతకుముందు జగిత్యాలలో మెకానిక్ భూమన్న బిగించిన డీజిల్ పంపే పాడైందని చెప్పేశాడు. అర్జున్ రావు తిన్నగా పోయి, గిరాకీలందరి ముందు భూమన్నను నానా మాటలన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషిని. పంపు మార్చారు. బండి మళ్లీ ఆగింది. ఈసారి తప్పు తనదని తేలితే జలపతి షెడ్డుకు వచ్చే నలుగురూ రారు.

"ఏంది జలపతీ గీ రిపేరు? రోడ్డు మీద కాపురం పెట్టమంటవా?"

"కాపురం పెట్టనీకే గద బండి కొన్నది," అంది రుక్మిణి. "ముందుగాల గా మనిషిని నీళ్లు తాగనియ్యుండ్రి."

జలపతి ట్యాంకు మూత తిప్పాడు. సుయ్యిమని గాలి లోపలికి దూసుకుపోయింది. అతనికి సంగతి తెలిసిపోయింది. డీజిల్ పోస్తుంటే లోపలి గాలి బయటికి రావాలి, తగ్గుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి. దానికో సన్నటి పైపు ఉంటుంది. అది మూసుకుపోతే ట్యాంకు ఊపిరి బిగబట్టుకుని డీజిల్‌ను వదలదు.

"బంకుల డీజిల్ పోస్తుంటే బయటికి తన్నిందా సార్?"

"తన్నింది. ప్యాంటంత కరాబైంది. బంకోన్ని తిట్టిన."

"మీరు తిట్టనిదెవల్ని?" అంది రుక్మిణి.

జలపతి బండి కిందికి దూరి, గాలి పైపు ఊడదీసి తీగతో కెలికాడు. ఎర్రవీ పచ్చవీ దారప్పోగులు ముద్దగా బయటికొచ్చాయి. సిరిసిల్ల మగ్గాల మీది పోగులు. వదిన వనిత నెలనెలా సంచెడు పంపుతుంది. చేతులు తుడుచుకోవడానికీ అవే, ఊడదీసిన పైపుల్లోకి దుమ్ము పోకుండా కుక్కడానికీ అవే. జగిత్యాలలో భూమన్న వాడేవి పాత బనీను ముక్కలు. ఎవరి చేయో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

అలాగే వెల్లకిలా పడుకుండిపోయాడు. ఆరో తరగతిలో బడి మాని, మగ్గాల మోత పడలేక పారిపోయి వచ్చి, నలభై ఏళ్లుగా పరాయి బండ్ల కింద మట్టి తింటున్నాడు. మిగిలింది చేతికున్న పేరొక్కటే. అదీ ఇలా ఏడ్చింది.

"ఏం దొరికింది?" రుక్మిణి వంగి చూసింది. "ఎలుక గూడు పెట్టిందా ఏంది?"

అవునంటే అయిపోయేది. ఎలుక ఎవరి షెడ్డూ మూయించదు. నోరు తెరిచాడు కూడా. ఒక అబద్ధాన్ని మోయడానికే నడుము విరిగింది, దాని మీద ఇంకోటి ఎత్తుకునే ఓపిక లేకపోయింది.

"ఎలుక గాదమ్మా, నేనే. కడిగినప్పుడు కుక్కిన, తీసుడు మర్శిన. గీ రోగంల భూమన్న తప్పేం లేదు."

అర్జున్ రావు బండి కిందికి వంగాడు. "మరి గట్లెందుకు చెప్పినవ్‌రా?"

"గిరాకి పోతదని."

"నీ గిరాకి కోసం నాతోని గా ముసలాయన్ని తిట్టిపిచ్చినవ్."

జలపతి పైపు ఊది, బిగించి, బయటికొచ్చి సంచీ సర్దుకున్నాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

"నేనీడ బస్సెక్కుత సార్."

"బస్సెక్కితే నువ్వు జగిత్యాలల దిగవు. ఎక్కు. ఇద్దరం పోయి భూమన్నకు తప్పైందని చెప్పాలె."

రుక్మిణి వెనక తలుపు తీసింది. దుప్పటికి మసి అంటకుండా జలపతి పడక అంచున కూర్చున్నాడు. భూమన్న ముందు నిలబడి మొదటి మాట ఏమనాలో తెలియలేదు. ఈ ఒక్కసారి బండి దారిలో ఆగితే బాగుండుననిపించింది. ఆగలేదు.