తేట నీళ్లు

కాంట్రాక్టరు సీసా మూత తీసి వాసన చూశాడు. అందులోని ఎర్రటి నీళ్లను మా కళ్లముందే ఆఫీసు గుమ్మంలోని పూలకుండీలో పోశాడు.

"మంచి ఒండ్రు. మొక్కకి బలం," అంటూ ఖాళీ సీసాను సీసాలక్క చేతిలో పెట్టాడు. వెనక నిలబడ్డ గుమాస్తా నవ్వాడు. పదిహేనుమంది ఆడవాళ్లం ఆ నవ్వు వింటూ నిలబడ్డాం.

కొండంతా కంపెనీ తోట. ఒకే జాతి చెట్టు, వరసలు వరసలుగా. ఎదిగిన చెట్లను నరికి లారీలకెత్తడానికి వాగు వెంబడే మట్టిరోడ్డు తీశారు. నరికింది మా మగవాళ్లే, రోడ్డు తీసిందీ మా మగవాళ్లే. కొండ కింద వాగుకు రెండువైపులా మా క్వార్టర్లు. కుళాయిల్లో వచ్చేది ఆ వాగు నీళ్లే.

సీసాలక్క కంపెనీ నర్సరీ మొక్కల్ని కొండ మీద నాటుతుంది. రోడ్డు పని మొదలైన నాటి నుంచి వారానికొకసారి కుళాయి నీళ్లు సీసాలో పట్టి వంటింటి కిటికీలో పెడుతోంది. మర్నాటికి అడుగున పేరుకున్న మట్టిని వేళ్లతో కొలిచి, తేదీ రాసిన కాగితం అంటిస్తుంది. మొదటి సీసాలో మట్టి గోరంత. ఆఫీసుకు పట్టుకెళ్లిన దానిలో నాలుగు వేళ్లు.

తర్వాత వాన పట్టుకుంది. మూడు రోజులు కొండ మీద మబ్బు విడవలేదు. నాలుగో రోజు పొద్దున కుళాయిల్లో నీళ్లు తేటగా వచ్చాయి. ధార సన్నగా ఉందన్న మాటే గాని, అద్దంలా ఉన్నాయి.

"ఇక నీ సీసాలకి రిటైర్మెంటు ఇచ్చెయ్, చెల్లెమ్మా," అన్నాడు రంపం మేస్త్రీ, బిందె నింపుకుంటూ.

ఆమె నవ్వలేదు. వాగు గట్టుకు వెళ్లి చూసింది. నిన్నటిదాకా మునిగి ఉన్న బండలు బయటపడ్డాయి. అక్కణ్ణుంచి తిన్నగా తమ్ముడి ఇంటికి నడిచింది. తమ్ముడు మట్టి తవ్వే ప్రొక్లెయిన్ డ్రైవరు. వాగు ఒడ్డున మొదటి ఇల్లు అతనిదే. లోపల ఉయ్యాల్లో రెండు నెలల పిల్ల.

"పైన వాన కురుస్తుంటే కింద వాగు ఎందుకు తగ్గిందిరా?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. ఉయ్యాల ఊపాడు.

"నిన్నేరా."

"అయిదో మలుపు, అక్కా. అక్కడ తూములు వెయ్యలేదు."

గంటలో అందరం క్యాంటీన్‌లో ఉన్నాం. డ్రైవరు నిలబడి చెప్పాడు. రోడ్డు వాగును దాటే చోట నీళ్లు పోవడానికి సిమెంటు తూములు దించాలి. అలా చెయ్యకుండా వాగులోనే దుంగలు పడేసి, కొమ్మలు కప్పి, పైన మట్టి పోసి చదును చేశారు. అప్పుడు వాగు తాడంత సన్నగా ఉంది. వానల్లోపు తీసేద్దామన్నాడు కాంట్రాక్టరు.

"ఇప్పుడా సందులన్నీ బురదతో పూడిపోయాయి. అది రోడ్డు కాదు, కట్ట. వెనక చెరువంత నీళ్లుంటాయి."

"తెలిసే పూడ్చావా?" క్యాంటీన్ వంటామె అడిగింది.

"తెలిసే. తూములు దించాలంటే ఇంకో వారం కొండ మీదే ఉండాలి. అప్పటికి ఇంట్లో దానికి నెలలు నిండాయి. పని తొందరగా తెమిలితే చాలనుకున్నా."

ఎవరూ తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉన్నట్టుంది అతనికి.

"రోడ్డు తవ్వితే లోడు ఆగుతుంది. లోడు ఆగితే మన పని ఆగుతుంది," అన్నాడు రంపం మేస్త్రీ. "కంపెనీతో పెట్టుకుంటే రేపు రంపం ఎవడిస్తాడు?"

"ఇళ్లు కొట్టుకుపోయాక ఏం కోస్తావన్నా రంపంతో? బురదా?" అంది సీసాలక్క.

ఆఫీసుకు వెళ్తే కాంట్రాక్టరు మమ్మల్ని గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. "ఇంకా రెండు వారాల లోడ్లున్నాయి. అప్పటిదాకా ఎవరూ రోడ్డు ముట్టుకోరు," అని ప్రొక్లెయిన్ తాళం జేబులో వేసుకున్నాడు.

పిల్లల్నీ ముసలివాళ్లనీ మెరక మీది బడికి చేర్చి, మిగిలిన ఎనభైమందిమి పారలు, గునపాలు పట్టుకుని కొండెక్కాం.

అయిదో మలుపు దగ్గర అందరం ఆగిపోయాం. అరచెయ్యంత వెడల్పు పగులు రోడ్డు పొడవునా ఉంది. అవతల గోధుమరంగు నీళ్లు చప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి మీద సీసాలక్క నాటిన మొక్కల చివుళ్లు తేలుతున్నాయి.

"దుంగలు లాగొద్దు," డ్రైవరు అరిచాడు. "ఒక్కసారి తీస్తే ఇళ్ల మీదికి మనమే వదిలినట్టు. పక్కన గట్టి నేలలో కాలవ తియ్యండి. నీళ్లు జానెడు జానెడే దించాలి."

తవ్వాం. మధ్యాహ్నానికి మోకాలి లోతు కాలవ పారింది. లోడుతో వచ్చిన లారీ మా వెనక ఆగింది. "పోనియ్," అని కాంట్రాక్టరు ఫోన్‌లో కేకలేస్తున్నాడు. లారీ డ్రైవరు పగులు చూశాడు, నీళ్లు చూశాడు. ఇంజను ఆపి, దిగి, ఒక పార అడిగాడు.

పోలీసు జీపు వచ్చేసరికి నీళ్లు మూరెడు దిగాయి, సగం పని మిగిలింది. రోడ్డు ధ్వంసం చేసిన నేరం కింద సీసాలక్క తమ్ముణ్ణి పట్టుకున్నారు.

"ఇది వేసిన రోజు రావాల్సింది సార్. నేరం ఆ రోజు చేశాను," అన్నాడతను. జీపెక్కుతూ అక్క వైపు తిరిగాడు. "ఇలాంటివి పైన ఇంకా నాలుగున్నాయి. తొమ్మిదో మలుపుది పెద్దది."

అతను వదిలిన పార మట్టిలో నిలబడి ఉంది. రంపం మేస్త్రీ వెళ్లి దాన్ని తీసుకున్నాడు. చీకటి పడేలోపు కాలవ వాగు అడుగును తాకింది. ఇళ్లు నిలిచాయి.

మర్నాడు ఇంటికో సీసా పట్టుకుని స్టేషనుకు వెళ్లాలనుకున్నాం. కాంట్రాక్టరు పోసేయడానికి ఎన్ని కుండీలు తెప్పిస్తాడో చూద్దామంది వంటామె. వాన ఆగలేదు. పొద్దున్నే సీసా నింపడానికి సీసాలక్క కుళాయి తిప్పింది.

నీళ్లు వచ్చాయి. తేటగా, సన్నగా.

ఆమె కుళాయి కట్టేసింది. "స్టేషనుకి సగం మంది చాలు," అంది. "మిగతావాళ్లు పారలు తియ్యండి."