తడి కడ్డీలు

పొడుగాయనంటే ఆమెకు ఒళ్లుమంట. ఆ వెల్డింగ్ షెడ్డులో తను చేరిన కొత్తలో "గరిటె తిప్పే చేతికి వెల్డింగెందుకమ్మా?" అని నలుగురిలో నవ్వాడు. ఆ మాట దిగమింగి, కళ్లు మండినా చేతులు కాలినా వదలకుండా పని నేర్చుకుంది. ఇప్పుడు మేస్త్రీ పోస్టుకి పోటీలో మిగిలింది ఆయనా, ఆమే.

ఇద్దరూ చెరో జత ఇనుప పలకలు అతికించారు. ఓనరు వాటిని ప్రెస్సులో పెట్టి వంచాడు. ఆమె అతుకు చెక్కుచెదరలేదు. పొడుగాయనది పటుక్కున విరిగింది; లోపలంతా చిల్లులే. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆమె చూపు మాత్రం ఆ చిల్లుల మీదే. మనిషి ఎలాంటివాడైనా ఆయన పని అలా ఉండదు. ఆయన బల్ల మీద మిగిలిన వెల్డింగ్ కడ్డీని గోటితో గీకింది. పైపూత మెత్తగా ఊడొచ్చింది. తడిసిన కడ్డీ. దాంతో అతికితే లోపల చిల్లులు పడక మానవు.

కడ్డీలు పంచింది స్టోరు చూసే ఆమె మేనమామ.

"మామయ్యా, ఆయనకి తడివి ఇచ్చావా?"

"అరవకే! నీ కోసమేగా. గెలిచావు, ఇంక నోరు మూసుకో."

"అంటే నా చేతిమీద నీకు నమ్మకం లేదన్నమాట! నా గెలుపుని దొంగసొత్తు చేసి పెట్టావు!"

"ఇంటి మనిషి పరువు బజారుకీడుస్తావా?"

ఆమె కడ్డీ తీసుకెళ్లి ఓనరు ముందు విసిరికొట్టింది. "ఆయనకిచ్చినవి తడి కడ్డీలు. పోటీ మళ్లీ పెట్టండి."

ఓనరు మామయ్య చేతిలోంచి స్టోరు తాళాలు లాక్కుని, కొత్త ప్యాకెట్ తనే విప్పాడు. ఈసారి కోపానికి ఆమె చేయి అదిరింది. వంచేసరికి అంచున వెంట్రుకంత పగులు. పొడుగాయనది నిలిచింది. పోస్టు ఆయనకే పోయింది.

ఆయన తటపటాయిస్తూ వచ్చి చేయి చాచాడు. "నువ్వు చెప్పకపోతే..."

"మీ కోసం చెప్పలేదు," అంది కస్సుమని. అయినా ఆ చేయి గట్టిగా పట్టుకుని ఊపింది. "మీ అతుకు బాగుంది. గరిటె మాట మాత్రం నేను మర్చిపోలేదు."

పొడుగాయన తల దించుకున్నాడు. "అలా అనడం తప్పే."

గేటు దగ్గర మామయ్య పళ్లు నూరుతున్నాడు. "చేతికందింది కాలదన్నావు కదే, తిక్కదానా!"

ఆమె అటు తిరిగి కూడా చూడలేదు. తుక్కులోంచి రెండు పలకలు లాగి, ముసుగు దించి, ఇందాక పగులొచ్చిన అంచు వైపు నుంచే మళ్లీ అతకడం మొదలుపెట్టింది. కోపం చల్లారలేదు. చేయి మాత్రం అదరడం మానింది.