సముద్రానికి వన్స్ మోర్

ఈ హైస్కూలు హాల్లో నేను హార్మోనియం మీద ఒక్కో మెట్టు పైకి వెళ్లేకొద్దీ తెర మీది సముద్రం ఒక్కో అడుగు ముందుకొస్తోంది. వాతావరణం ఎలా మారిపోతోందో జనానికి పాటతో, బొమ్మతో చెప్పాలని ఈ కార్యక్రమం పెట్టారు. పాట నాది, బొమ్మ కంప్యూటరు మాస్టారిది. తడి మాత్రం నిజంగానే తగులుతోంది.

పద్యనాటకాలకు వాయించి వాయించి పళ్లూడినవాణ్ణి, ఎండల లెక్కలకు బాణీ కట్టడం నాకో లెక్కా! ఏడాదికో స్వరం, వేడి పెరిగితే స్వరం పైకి. పాడేది తొమ్మిదో తరగతి నూకరత్నం. కంచు గొంతు. తెర మీది ఇల్లు వాళ్లదే, ఒడ్డున మిగిలిన ఆఖరి ఇల్లు. లోపల వాళ్లమ్మ మసేనమ్మ చేపల పులుసు కాస్తోంది. ఆ వాసనకు మూడో వరసలో ఎవరో లొట్టలేస్తున్నారు.

నూకరత్నం పై షడ్జం అందుకుంటుంది. కెరటం ఇంటిని ఎత్తుకుపోతుంది. మసేనమ్మ పులుసు కుండతో సహా తెరలోంచి వేదిక మీదికి దిగి కొంగు పిండుకుంటుంది. హమ్మయ్య అనుకుంటాను.

"వన్స్ మోర్!" అంటారు ముందు వరస పెద్దలు.

మా నాటకాల్లో వన్స్ మోర్‌ని కాదనకూడదు. చచ్చి పడున్న పాత్రయినా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాలి. పైగా ఆ కేక వింటే నాకు ఒళ్లు తెలియదు. హార్మోనియం తిత్తి లాగుతాను. ఇల్లు లేచి నిలబడుతుంది. మసేనమ్మ తెరలోకి వెళ్లి పొయ్యి ముందు కూర్చుంటుంది.

ఈసారి ఆమె కుండ వదిలేసి వట్టి చేతులతో, కుంటుతూ బయటపడుతుంది.

"ఆపండి మేస్టారూ," అంటుంది నూకరత్నం. "మాయమ్మ కుండొగ్గీసొచ్చింది. ఇంకోపాలంటే ఏటొగ్గీవాలి?"

"జనం అడుగుతున్నారు కదమ్మా. అయినా అది బొమ్మేగా," అంటాను, మోకాలి లోతు నీళ్లలో నిలబడి.

"వన్స్ మోర్!" ఇప్పుడు హాలంతా అరుస్తోంది. ముఖ్య అతిథి పంచె ఎగ్గట్టి మరీ చప్పట్లు కొడుతున్నాడు. మసేనమ్మ కుంటుకుంటూ లోపలికి పోతుంది.

"ఇంక రానేనే తల్లీ," తెరలోంచి ఆమె గొంతు. "కాళ్లు సచ్చుబడిపోనాయి. నువ్వు పాడీసి అన్నం తినీ."

నూకరత్నం పాడదు. నోరు బిగించేస్తుంది. కానీ పాట అందరికీ వచ్చేసింది. ముందు వరస మొదలుపెడితే వెనక వరసలు అందుకుంటాయి, ఒక్క అపశ్రుతి లేదు పాపిష్ఠివాళ్లకి. నాకు ఏడుపొస్తోంది. నా వేళ్లు మాత్రం వాళ్ల వెంటే పరుగెడుతున్నాయి.

కెరటం లేస్తుంది. నూకరత్నం తెర దగ్గరికి నడిచి, అమ్మా అనబోతున్నట్టు నోరు తెరిచి, ఇంటిని, పొయ్యిని, మసేనమ్మని ఒక్క గుక్కలో లోపలికి తీసుకుని పెదాలు మూసేస్తుంది. కెరటం ఇల్లున్న చోటంతా వెతికి, ఏమీ దొరక్క, హాల్లోకి దిగుతుంది.

"పాపా, నీ పేరేంటి?" షీల్డు పట్టుకుని అడుగుతున్నాడు ముఖ్య అతిథి.

నూకరత్నం బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నీళ్లు ఆమె పెదాలను తాకుతున్నాయి. ఊపిరాడక పెదాలు కాస్త తెరుస్తుంది. పళ్ల సందులో మసేనమ్మ చీర దోపుకుని నిలబడి, కొబ్బరి చిప్పతో నీళ్లు తోడి బయట పోస్తోంది.