మాస్టారి గేటు దగ్గర ఆగే కారు

మా ఆయన బసవపున్నారావు దేనికీ భయపడే మనిషి కాదు. ఆ లోటు తీర్చడానికన్నట్టు మేమొక పిరికి కారు కొన్నాం.

ఎంపిక మా అమ్మాయి ప్రవల్లికది. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది, ఉప్పు కొనాలన్నా ముందు ఫోనులో చూస్తుంది. "గేర్లు మార్చక్కర్లేదు నాన్నా. ఎదురుగా మనిషి అడ్డమొస్తే తనంతట తనే బ్రేకు వేసుకుంటుంది" అంది. ఉగాదికి కారు వచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. అద్దానికి బొట్టు పెట్టబోతే అక్కడ కెమెరా ఉందని అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. కళ్లున్న బండి మన ఇంటికి అచ్చిరాదని నాకు అప్పుడే అనిపించింది.

నూజివీడు నుంచి మా తోటకి వచ్చే బాట తిన్నగా సలోమోను మాస్టారి గేటు దాకా వచ్చి, అక్కడ ఎడమకి తిరుగుతుంది. ఒకరోజు సామాన్లు కొనుక్కుని వస్తుంటే ఆ మలుపు దగ్గర కారు కీచుమని అరిచి, ఎర్రలైటు వెలిగించి నిలువునా ఆగిపోయింది. టమాటాలన్నీ నా కాళ్ల కిందికి దొర్లాయి. ఎదురుగా చూస్తే పిల్లి కూడా లేదు.

అరుపు విని మాస్టారు పేపరు మడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. వెనకాలే ఆయన భార్య సవరమ్మ. అప్పటికి మా రెండిళ్ల మగవాళ్లకి మాటల్లేవు.

"కారు దానంతటదే ఆగిందని చెప్పు" అన్నాడు మా ఆయన నాతో, తిన్నగా ముందుకి చూస్తూ.

ఆ మాట వాళ్లకి శుభ్రంగా వినబడింది. అయినా నేను చెప్పాను. మాస్టారు సవరమ్మ వైపు తిరిగి, "ఎందుకాగిందో కనుక్కో" అన్నారు.

"ఎందుకాగింది వదినా?" అంది సవరమ్మ.

"నాకేం తెలుసు, కారునే అడగమను" అన్నాడు మా ఆయన నాతో. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషీ, వంద చెట్లకి కాపలా కాసే మనిషీ ఇలా మాట్లాడుకుంటుంటే ఇద్దరినీ గోడకుర్చీ వేయించాలనిపించింది.

అసలు గొడవ ఒక కొమ్మది. బాట మాది, మలుపులో గట్టు మీది చిన్నరసం మామిడిచెట్టు మాస్టారిది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. చెట్టు ఎవరిదైనా బాట మీదికి వాలిన కొమ్మ కాయ బాట గలవాళ్లదే. ఈ ఏడు మాస్టారు తన చెట్ల కాయలన్నింటికీ పురుగు పట్టకుండా కాగితపు కవర్లు తొడిగించారు. మా కొమ్మ కాయలకి కూడా తొడిగించారు. అది చూసి మా ఆయన అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "కవరు తొడిగాడంటే నాది అని గుర్తు పెట్టుకున్నట్టే" అన్నాడు. ఆ మాట మాస్టారి చెవిన పడింది. "మంచి కాయ తింటారని తొడిగిస్తే దొంగని చేస్తాడా" అని ఆయన గేటు వేసుకున్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న మనుషులిద్దరు ఎదురూబొదురూ కాపురం ఉంటే ఏమవుతుందో చూశాను.

వాళ్ల సంగతి అలా ఉంచండి. నా బాధ సవరమ్మ. కాపురానికొచ్చిన ఏడాది నుంచి ఆవకాయ ఇద్దరం కలిసే పెట్టుకున్నాం. ముక్కలు నేను కొడతాను, కలిపే చెయ్యి ఆమెది. నేను ఒక్కదాన్నే కలిపితే పచ్చడి అవుతుంది, ఆవకాయ అవదు. ముక్క గట్టిగా ఉండే రోజులు గడిచిపోతున్నాయి, జాడీలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఆమె లేకుండా పెట్టనని మా ఆయనతో తెగేసి చెప్పాను. చెప్పానే గానీ, వాటిని చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

ఇక కారు రోజూ అదే వరస. తోట నుంచి ఊళ్లోకి పోయేటప్పుడు నోరెత్తదు. వచ్చేటప్పుడు మాత్రం మాస్టారి గేటు ముందు కీచుమని ఆగిపోతుంది. ఆటో రత్నబాబు ఈ వింత చూపించడానికి ప్రయాణికుల్ని చుట్టుతోవన తీసుకొచ్చేవాడు. అక్కడ ఎవరినో పాతిపెట్టారని ఒకరన్నారు. సవరమ్మ ప్రార్థన మహిమని చర్చివాళ్లు అన్నారు. మా ఆడపడుచు దిష్టి అని తేల్చి, బూడిద గుమ్మడికాయ తెచ్చి మలుపులో నడిబాట మీద పెట్టి, కారుతో తొక్కించమంది. కారు గుమ్మడికాయని చూసి కూడా ఆగిపోయింది. దిష్టి తీయడానికే ఒప్పుకోని బండిని ఏం చేస్తాం? ఆ కాయని ఇంటికి తీసుకెళ్లి వడియాలు పెట్టాను.

చివరికి షోరూమ్ నుంచి మెకానిక్ వచ్చి, కొమ్మకి వేలాడే కవర్ల వైపు చూసి నవ్వాడు. "కాపు బరువుకి కొమ్మ అద్దం ఎత్తుకి వంగిందండీ. గాలికి కవర్లు ఊగుతుంటే కెమెరాకి మనుషుల తలకాయల్లా కనబడుతున్నాయి. కవర్లు తీసేస్తే సరి" అన్నాడు.

తీసేది ఎవరు? "నేను తీస్తే పరాయి కాయ మీద చెయ్యి వేశానంటాడు. ఆయన్ని తీయమంటే ఆ కాయ ఆయనదని ఒప్పుకున్నట్టు" అన్నాడు మా ఆయన. "నేను తీస్తే దురుద్దేశంతో తొడిగినట్టు" అన్నారట మాస్టారు. కవర్లు అక్కడే ఊగాయి. మెకానిక్, మా ఆయన కారులో కూర్చుని కాసేపు ఏదో గుసగుసలాడుకున్నారు. ఆ రోజు నుంచి కారు అరవడం మానేసింది. ఆగడం మాత్రం మానలేదు. పోనీలే, అరుపైనా తగ్గిందనుకున్నాను.

తర్వాత్తర్వాత మా ఆయనకి ఊళ్లో పనులు ఎక్కువైపోయాయి. పొద్దున అగ్గిపెట్టెకి వెళ్లేవాడు, సాయంత్రం అగరొత్తులకి వెళ్లేవాడు. ఊరికే కూర్చోలేక నేనూ ఎక్కేదాన్ని. కారు ఆగే వేళకి మాస్టారు గేటు లోపల కుర్చీ వేసుకుని ఉండేవారు. మాటలు మా ఇద్దరి ఆడవాళ్ల మీదుగానే సాగేవి. "ఆయన మోకాలి నొప్పి తగ్గిందేమో అడుగు" అనేవాడు మా ఆయన. "తగ్గలేదని చెప్పు." "మైలవరంలో ఒక డాక్టరు ఉన్నాడని చెప్పు." ఒకసారి మాస్టారు గ్లాసుడు మజ్జిగ సవరమ్మ చేతికిచ్చారు. ఆమె నాకిచ్చింది, నేను మా ఆయనకిచ్చాను. ఆయన తాగి, "ఉప్పు తక్కువైందని చెప్పు" అన్నాడు.

ఇంతలో గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే గట్టు మీది చెట్టు కొమ్మ, ఆ కొమ్మే, మొదలంటా విరిగి పడి ఉంది. కవర్లు బురదలో చీరుకుపోయాయి. మాస్టారు మనుషుల్ని పెట్టి బాట శుభ్రం చేయించారు. ఊళ్లో అందరూ రాలిన కాయల కోసం ఏడుస్తుంటే, నేను ఆ కవర్ల కోసం ఏడ్చాను. ఇక ఆ కారు అక్కడ దేన్ని చూసి ఆగుతుంది? ఈ ఏటికి ఆవకాయ లేదు, సవరమ్మ లేదు అని జాడీలు అటక మీదికి ఎక్కించేశాను.

మర్నాడు ప్రవల్లిక విజయవాడ నుంచి వస్తే, బస్టాండు నుంచి తీసుకురావడానికి ఇద్దరం వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు మలుపు కనబడింది. చెట్టు ఆ పక్కంతా బోసిగా ఉంది, బాట మీద ఎండ తప్ప ఏమీ లేదు. గేటు వెనక మాస్టారు, సవరమ్మ నిలబడి ఉన్నారు. కుర్చీ వేసుకోలేదు. నేను కళ్లు మూసుకున్నాను.

కారు ఆగింది.

"అదేంటి నాన్నా, ఆగావేంటి?" అంది ప్రవల్లిక వెనక సీట్లోంచి.

"నేనెక్కడ ఆగాను? కారు ఆగింది" అన్నాడు మా ఆయన.

"అది ఎలా ఆగుద్ది? ఆ పసుపు లైటు చూడు. ఆటోమేటిక్ బ్రేకు ఆఫ్ చేసి ఉంది. ఆఫ్ చేసి చాలా రోజులైనట్టుందే!"

నేను కిందికి చూశాను. మా ఆయన చెప్పుకాలు బ్రేకు మీద బలంగా నొక్కి ఉంది. మెకానిక్ వచ్చిన నాటి నుంచీ ఆ కారుని ఆపింది ఎవరో అప్పుడు అర్థమైంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లినాటి నుంచి ఆ మనిషి మీద నాకున్న కోపంలో సగం అక్కడికక్కడే పోయింది. మిగతా సగం ఎందుకైనా మంచిదని దాచుకున్నాను.

మాస్టారు గేటు మీదుగా తొంగిచూశారు. ఆయన కళ్లు కూడా ఆ కాలి మీదికే పోయాయి.

"బసవపున్నారావు గారూ" అన్నారు. మధ్యలో ఎవరినీ పెట్టకుండా, తిన్నగా మా ఆయనతోనే అన్నారు. "ఇక ఆ కాలు తీసెయ్యండి. పట్టేస్తుంది."

మా ఆయన గబుక్కున కాలు తీసేశాడు. ఆ కంగారులో బండిని పార్కింగులో పెట్టడం మరిచిపోయాడు. గేర్లు మార్చక్కర్లేని బండి కదా, కాలు తీయగానే మెల్లగా ముందుకి పాకింది. ఊగే కవర్లకి హడలిపోయిన ఆ కారు, ఎదురుగా ఇనపగేటు ఉన్నా ఏమాత్రం జంకలేదు. మాస్టారు, సవరమ్మ పక్కకి తప్పుకున్నారు. గేటు గడియ ఊడిపోయి రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. కారు వాళ్ల వాకిట్లోకి వెళ్లి, తులసివనంలా పెంచుకున్న సవరమ్మ బంతిమొక్కల్ని ఒరుసుకుంటూ ఆగింది. ఈసారి ఆపింది మా ఆయనే, అందరూ చూస్తుండగా.

మా ఆయన అద్దం దించి, గొంతు సవరించుకుని, "మాస్టారూ, మజ్జిగలో ఈసారి కాస్త ఉప్పు వేయించండి" అన్నాడు.

సవరమ్మ నా వైపు తలుపు తీసింది. "జాడీలు ఎక్కడున్నాయి వదినా?" అంది.

"అటక మీద" అన్నాను. "నిచ్చెన పట్టుకోవడానికి మీ ఆయన్ని కూడా రమ్మను."