తెర వెనక జేబు

మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి టైలరమ్మ నడుం పట్టుకుంది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

కాలనీ హాలుకు కొత్త తెర కుడుతోంది. ముప్పై ఆరు ఇళ్లు, పదకొండు భాషలు. ఇంటికో పాత గుడ్డ ముక్క, దాని మీద వాళ్లు వేసిన బొమ్మ. పక్కింటి పలకరింపే అర్థం కాని చోట ఇదైనా అందరినీ కలిపి కూర్చోబెడుతుందని బొమ్మల పంతులమ్మ ఆశ. కూర్చున్నారు, వేశారు, చేతులు కడుక్కుని పోయారు. అతికే చాకిరీ మాత్రం ఈ నోట్లో నాలుక లేని మనిషి నెత్తిన పడింది.

తెర మీద ఇంటికో గడి, ఇంకొక్కటే మిగిలింది. అది ఆమెది. అందులో కుట్టాలని, చనిపోయిన మొగుడి చొక్కా జేబు కత్తిరించి ఉంచుకుంది. అడుగున ఇంత సిరా మరక. పెన్నుకు మూత పెట్టడం ఆ మహానుభావుడికి చచ్చేదాకా రాలేదు. ఆ పెన్నుతోనే ఆమె ఇప్పటికీ కొలతలు రాస్తుంది. ఆయనకూ నలుగురిలో ఒక చోటుండాలని ఆమె కోరిక.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. మెట్ల కింద గదిలోకి మొన్ననే దిగినావిడ. ఇక్కడి మాట రాదు. చిన్న గౌను ముక్క మీద పచ్చటి పిట్టను వేసి తెచ్చింది.

"అయ్యో, గళ్లు అయిపోయాయమ్మా. సాయంత్రమే తెర కట్టాలి," అంది పక్కనే ముక్కలు సరిచూస్తున్న పంతులమ్మ, చేతులు తిప్పి చూపిస్తూ.

ఆవిడ మొహం ఇంతైపోయింది. ముక్కను మడిచి దాచుకోబోయింది. టైలరమ్మకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలీదు.

"ఇలా తే తల్లీ. నా గడి ఉందిగా."

"మరి మీ ఆయనో?"

"బతికుండగా ఒక్క బస్సూ టైముకి అందుకోలేదు. వెనకే వస్తాడులే."

పిట్టను కుట్టేసింది. పంతులమ్మ నిచ్చెన కోసం వెళ్లగానే తెరను తిరగేసి, సరిగ్గా పిట్ట వెనకాల జేబును చేత్తో కుట్టింది. మూడు వైపులే. జేబన్నాక పైన తెరిచే ఉండాలి మరి.

సాయంత్రం తెర కట్టారు. ఎవరి ముక్క దగ్గర వాళ్లు ఫొటోలు దిగారు. "కాస్త నడుం వాలుస్తా" అని పక్కగదిలో చాప మీద ఒరిగిన టైలరమ్మ మళ్లీ లేవలేదు. లేపడానికి వెళ్లింది పిట్ట తెచ్చినావిడే. ఏదో అంటూ గొల్లుమంది. ఏమందని ఎవరూ అడగలేదు.

ఏడాదికి ఉతకడానికి దించితే జేబు బయటపడింది. లోపల ఒక పెన్ను, మూత గట్టిగా బిగించి ఉంది.