ముందు మ్యాగజైన్

మూడో రైఫిల్ తుడిచి పక్కన పెట్టి, మధుసూదనరావు నాలుగోది అందుకున్నాడు. తూటాలుండే డబ్బా, అంటే మ్యాగజైన్ ఊడదీశాడు. పిడి వెనక్కి లాగి పట్టుకుని, తూటా కూర్చునే గదిలోకి, ఛాంబర్‌లోకి, కళ్ళద్దాలు సవరించుకుని మరీ చూశాడు. చిటికెన వేలు దూర్చి తడిమాడు. నిన్న సాయంత్రం దాన్ని ఖాళీ చేసి ఇనప బీరువాలో పెట్టింది తనే. తాళంచెవి రాత్రంతా తన దగ్గరే ఉంది. అయినా సరే, తియ్యాలి, లాగాలి, చూడాలి, తడమాలి. పదమూడేళ్ళుగా ఈ వరస ఒక్కరోజూ తప్పలేదు. పెళ్ళాం చేతిలోంచి గరిటె అందుకున్నా మధు ఛాంబర్ చూస్తాడని అక్కడి షూటర్ల వేళాకోళం. అలా అన్నవాళ్ళ తుపాకీని వాళ్ళ ముందే ఇంకోసారి తడిమి, నవ్వేవాడు.

భూగోళానికి దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్ ఊరి పొలిమేరలో, గొర్రెల పొలాల మధ్య రేకుల షెడ్డు అది. అడవులు తినేస్తున్న మేకల్నీ, దుప్పుల్నీ కాల్చి తగ్గించే కాంట్రాక్టు కంపెనీది. చట్టం మారాక ఇలాంటి, తర్వాతి తూటాని తామే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు మామూలు జనం దగ్గర ఉండకూడదు. ఈ పని చేసేవాళ్ళకే ప్రత్యేక అనుమతి. కాల్చేది షూటర్లు. రైఫిళ్ళని శుభ్రం చేసి, గురి సరిచేసి, పొద్దున చేతికిచ్చి సాయంత్రం లెక్కచూసి లోపల పెట్టేది మధుసూదనరావు. నలభై ఆరేళ్ళు, బట్టతల, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు, నూనె మరకల నీలం కోటు. వీధిలో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు.

ఈ చేతి పనితనం తండ్రిది. నరసరావుపేటలో వీరరాఘవయ్య కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. స్ప్రింగులు, సన్న మరలు, నూనె వాసన. ఆ వాసనలోనే పెరిగి, ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదవడానికి వచ్చి, చదువయ్యాక ఇక్కడివాళ్ళు డైరీ అనే వీధి చివరి కొట్లో బ్రెడ్డూ పాలూ అమ్మి, ఆపైన మాంసం ఫ్యాక్టరీలో పెట్టెలు మోశాడు మనవాడు. అక్కడ కత్తులు సానబట్టే యంత్రం చెడితే బాగుచేశాడు. అది చూసి, ఈ కంపెనీలో షూటరైన గ్లెన్ ఇక్కడికి తీసుకొచ్చాడు.

పొద్దున ఇంట్లో ఆ గ్లెన్ గురించే మాటొచ్చింది. ఇంద్రజ లంచ్ బాక్సులో చింతకాయ పచ్చడి సర్దుతూ, "ఏవండీ, గ్లెన్ గారికి ఇవాళైనా చెప్తారా?" అంది. ఆ ఇంట్లో గ్లెన్‌ని గారు లేకుండా ఎవరూ అనరు.

"చెప్తాలే."

"సోమవారం నుంచీ ఇదే మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మీరు. మనిషి మునుపటిలా లేడని మీరే అంటిరి."

పద్నాలుగేళ్ళ కావ్యశ్రీ ఫోన్లోంచి తలెత్తకుండానే, "జస్ట్ టెల్ హిమ్, నాన్నా," అంది. ఇక్కడ పుట్టిన పిల్ల. మొహమాటమంటే ఏమిటో దానికి ఎవరూ నేర్పలేదు.

ఆ కాగితం మూడు రోజులుగా అతని సొరుగులో ఉంది. ఫలానా షూటర్ ఆయుధాన్ని జాగ్రత్తగా వాడగలడు అని ఏటా రాసిచ్చే కాగితం. గ్లెన్‌కి అరవై ఆరు. పోయిన నెలలో బండి తాళాలు రెండుసార్లు అడవిలో మరిచిపోయాడు. పోయిన వారం తూటాల పెట్టె లేకుండానే కొండెక్కి వెనక్కొచ్చాడు. సంతకం పెట్టకపోతే ఆయన కొండెక్కడం అంతటితో సరి. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఆ కొండలే. ఆ మాట ఏ నోటితో చెప్పాలి? మధుసూదనరావు తుపాకీ లైసెన్సుకి అర్జీ పెట్టినప్పుడు, ఇతను మంచివాడని పోలీసులకి హామీగా చెప్పడానికి బయటి మనిషి ఒకరు కావాలన్నారు. ఈ దేశంలో అతనికి ఎవరున్నారు? గ్లెన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆఫీసరు ముందు కూర్చుని, "ఈ మనిషి చీమకైనా హాని చెయ్యడు," అన్నాడు. అది మరిచిపోయేంత కృతఘ్నుడు కాదు మనవాడు. అదే వచ్చిన చిక్కు.

తొమ్మిదింటికి గ్లెన్ యూట్ వచ్చింది. వెనక తెరిచి ఉండే ఆ బండిని టీ గది గోడ పక్కన రేకు పంచ కింద ఆపి, చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చాడు. పొడుగాటి మనిషి, ఎర్రటి మెడ, వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

"పెద్ద తూటాది ఇవ్వు మేట్. శిఖరం మీద పెద్ద మేకల మంద ఉందట. గాలి బాగా ఉంటుంది."

మధుసూదనరావు బీరువా ముందు కాసేపు నిలబడ్డాడు. లోపల చిన్న తూటా రైఫిళ్ళు మూడు, పెద్ద తూటావి రెండు, మూలన గ్లెన్ నలభై ఏళ్ళు వాడిన పాత చేతి బోల్టు రైఫిల్ ఒకటి. చెయ్యి ఆ పాతదాని మీదికి వెళ్ళింది.

"ఇవాళ్టికి ఇది తీసుకోరాదూ? తేలిక. మీ చేతికి అలవాటైంది."

"మంద పరిగెత్తుతుంటే ఒక్కొక్క తూటాకీ బోల్టు లాగుతూ కూర్చోనా? ముసలాడినని అనుకుంటున్నావా ఏంటి?" గ్లెన్ నవ్వాడు, కానీ కళ్ళు నవ్వలేదు.

"అయ్యో, అదేం లేదు! పోనీ చిన్నది? భుజాన్ని తన్నదు. దాని తూటా దేనికి తగిలినా ముక్కలైపోతుంది, అవతలికి పోదు."

"చిన్నది ఆ గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. దుప్పి ఎదురైతే గాయపడి పారిపోతుంది. పాపం కాదా?"

అదీ నిజమే. బరువైన తూటా గాలికి లొంగదు, పొదల్లో దారి తప్పదు, జంతువుని బాధపెట్టకుండా పడేస్తుంది. అక్కడితో ఆగదు కూడా. పోయినేడు పాత రేకులు వరసగా నిలబెట్టి కాల్చి చూసినప్పుడు ఆరోదానికి కూడా చిల్లి పడింది. ఆ రోజు ఆరో రేకు చిల్లిలోంచి అవతలి గొర్రెల్ని చూసి మధుసూదనరావు రైఫిల్ కింద పెట్టేశాడు. ఇప్పుడూ అదే గుర్తొచ్చింది. అయినా పెద్దదే తీశాడు.

షెడ్డు వెనక మట్టికట్ట ముందు గురి చూడాలి. చెవులకి మూతలు పెట్టుకుని, ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి, ముందు మధుసూదనరావు కాల్చాడు. భుజం మీద గుద్దినట్టు తన్నింది. ఊపిరి సగం వదిలి ఆపడం, వేలు మెల్లగా నొక్కడం, పేలేదాకా ఎప్పుడు పేలుతుందో తనకే తెలియనంత మెల్లగా. వంద మీటర్ల అవతల కాగితం మీద మూడు చిల్లులు. జేబులోంచి పాత రూపాయి బిళ్ళ తీసి వాటి మీద పెడితే మూడూ కనబడకుండా పోయాయి. కంపెనీలో అంత గురి ఇంకెవరికీ లేదు. ప్రాణమున్న దేన్నీ అతను ఇంతవరకూ కాల్చలేదు.

తర్వాత గ్లెన్ ఐదు తూటాలు పెట్టి, మూడు కాల్చి, చాలన్నాడు. పిడి లాగాడు. ఒక తూటా బయటపడింది. అప్పుడు మ్యాగజైన్ ఊడదీశాడు. ఇక ఖాళీ అనుకుని, స్ప్రింగు వదులు చేయడానికి ట్రిగ్గర్ నొక్కాడు.

ఢామ్మని పేలింది.

మట్టికట్ట మీద దుమ్ము లేచింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. పాత రైఫిల్లో బోల్టు వెనక్కి లాగితే అక్కడే ఆగుతుంది. ముందేది తీసినా, తర్వాతేది తీసినా ఫరవాలేదు. ఇది అలా కాదు. పిడి లాగి వదిలిన క్షణంలో మ్యాగజైన్లోంచి ఇంకో తూటాని తనే మింగి కూర్చుంటుంది. అందుకే ముందు మ్యాగజైన్ తియ్యాలి, ఆ తర్వాతే పిడి. గ్లెన్ తలకి ఆ సంగతి తెలుసు. చేతులకే నలభై ఏళ్ళ పాత అలవాటు తిరగబెట్టింది.

గ్లెన్ మెడ ఎరుపు చెవులదాకా పాకింది. "పోవాల్సిన చోటికే పోయిందిలే," అన్నాడు చివరికి. రైఫిల్ ఇసుక సంచి మీద పెట్టి, "పుస్తకంలో రాయకు మేట్," అన్నాడు.

ఇలాంటిది జరిగితే షెడ్డు రోజువారీ పుస్తకంలో రాసి తీరాలి. ఆ రోజుకి ఆ మనిషిని కొండకి పంపకూడదు. మధుసూదనరావు చెవుల మూతలు తీశాడు. ఇప్పుడే చెప్పాలి, ఈ క్షణమే, అనుకుని నోరు తెరిచాడు.

"గ్లెన్..."

"ఏంటి?"

ఆ ముసలి కళ్ళలో బెదురు చూశాడు. తండ్రి చివరి రోజుల్లో సూదిలో దారం ఎక్కించలేక ఇలాగే చూసేవాడు. ఈ మొహమాటం పాడుగాను, నాలుక మీదిదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది.

"టీ తాగి వెళ్తారా?"

"సాయంత్రం తాగుదాం," అని గ్లెన్ వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా చూసి, మధుసూదనరావు బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. పుస్తకం తెరిచాడు, మూశాడు. పసుపు టేపు ముక్క ఒకటి చింపి, దాని మీద నల్ల కలంతో ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాడు. మ్యాగజైన్ ఫస్ట్. రైఫిల్ మీద, కంటికెదురుగా అంటిస్తే చాలు, నోటితో అనక్కర్లేదు. ముందే తట్టి ఉంటే బాగుండేది. ఆ ముక్కని బల్ల అంచుకి అంటించాడు. సాయంత్రం రైఫిల్ చేతికి రాగానే పెట్టేద్దాం.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. పచ్చడి వాసనకే ఆకలేసే మనిషి, సగం బాక్సు మూసేశాడు. ఇంద్రజ ఫోన్ చేసింది.

"చెప్పారా?"

"సాయంత్రం టీ దగ్గర చెప్తా. ఒట్టు. సంతకం పెట్టనని చెప్పేస్తా."

"ఆయన ఏమీ అనుకోడండీ. పెద్దాయన. అర్థం చేసుకుంటాడు."

"ఏడుస్తాడేమోనే ఇందూ," అన్నాడు. ఫోన్ పెట్టేశాక తనకే కళ్ళు చెమర్చాయి. ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా కూడబలుక్కున్నాడు. కొండలు వదిలేసినా షెడ్డుకి రోజూ రండి, గురి చూడ్డంలో నాకు తోడుండండి, మా ఇంట్లో భోంచెయ్యండి. ఆ చివరి మాట బాగుందనిపించింది. మనసు కాస్త తేలికపడింది.

నాలుగున్నరకే చీకటి ముసిరింది. దక్షిణపు సముద్రం మీంచి వడగళ్ళు మొదలయ్యాయి. రేకుల మీద కంకర పోసినట్టు చప్పుడు. పెరటి ఆ చివర, రైఫిల్ ఖాళీ చేసేటప్పుడు, పొరపాటున పేలినా ఇసుకలోకే పోయేలా, గొట్టం దూర్చాల్సిన ఇసుక డ్రమ్ము తడుస్తోంది. దాన్ని పంచ కిందికి జరిపించమని రెండుసార్లు కంపెనీకి రాశాడు. మూడోసారి రాస్తే విసుక్కుంటారేమోనని ఊరుకున్నాడు.

యూట్ శబ్దం వినబడింది. హమ్మయ్య, క్షేమంగా వచ్చాడు! మధుసూదనరావు టీ గదిలోకి వెళ్ళి కెటిల్ పెట్టాడు. కప్పులు రెండు తీశాడు. గ్లెన్ కప్పులో చక్కెర రెండు చెంచాలు. గోడ అవతల బండి తలుపు పడింది. వడగళ్ళ చప్పుడులోనే గ్లెన్ గొంతు వినబడింది, "వస్తున్నా మేట్, నీళ్ళు మరగనీ!"

"రండి రండి, మీతో మాట్లాడాలి," అని మధుసూదనరావు గోడవైపు తిరిగి కేకేశాడు. ఆ మాట పైకి వచ్చేసినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

ఆ వడగళ్ళలో డ్రమ్ముదాకా ఎవరు పోతారు? గ్లెన్ పంచ కిందే నిలబడ్డాడు. వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి. పిడి లాగాడు. ఒక తూటా కిందపడి దొర్లింది. మ్యాగజైన్ తీసి జేబులో వేసుకున్నాడు. పొద్దున్నలాగే ట్రిగ్గర్ నొక్కాడు.

చప్పుడు వడగళ్ళలో సగం కలిసిపోయింది. గోడకి, కప్పులున్న బల్లకి కాస్త ఎగువన, చిన్న చిల్లు పడింది. మధుసూదనరావు ఎవరో పిలిచినట్టు తల కొంచెం తిప్పి, కుర్చీ పట్టుకోబోయి, దాన్ని తీసుకునే కిందికి ఒరిగాడు. చేతిలోని చెంచా పడింది. కెటిల్ మరిగి టక్కున ఆగింది.

గ్లెన్ పరిగెత్తుకొచ్చి అతని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఖాళీ చేశాను మేట్. నేను ఖాళీ చేశాను," అంటూనే ఉన్నాడు. అంబులెన్సు వాళ్ళు వచ్చి ఆయన చేతులు విడదీసేదాకా అదే మాట.

పోలీసులు రైఫిల్ తీసుకెళ్ళారు, మ్యాగజైన్ తీసుకెళ్ళారు, సొరుగులోని సంతకం లేని కాగితం తీసుకెళ్ళారు. ఏమీ రాయని పేజీ చూసి పుస్తకం కూడా తీసుకెళ్ళారు. నాలుగో రోజున ఇంద్రజ అతని సామాను కోసం వచ్చింది. లంచ్ బాక్సు, కళ్ళద్దాల పెట్టె, రూపాయి బిళ్ళ సంచిలో వేసుకుంది. నీలం కోటు మడిచి గుండెలకి పట్టుకుని, కాసేపు ఆ నూనె వాసనలో నిలబడి, వెళ్ళిపోయింది. బల్ల అంచున పసుపు టేపు ముక్క, ఒక కొన మాత్రమే అంటుకుని, తలుపు తెరిచినప్పుడల్లా గాలికి లేచి పడుతోంది.