ఉంగరపు వేలు

తమ్ముడు పోయాక రూతుకు మిగిలింది అతని గిటార్ ఒక్కటే. తను వాయించినవన్నీ భాస్కర్ ఫోన్‌లోనే దాచుకునేవాడు. కురవి దారిలో లారీ గుద్దిన రోజు ఆ ఫోన్ కూడా అతనితోనే నుజ్జయింది. అందులోంచి ఇక ఏమీ రాదని మానుకోట బజారులో రిపేరువాళ్లు చెప్పేశారు. మొహమంటే ఫొటోల్లో ఉంది. వాయింపు మాత్రం ఎక్కడా లేదు.

అందుకే పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు ఇంట్లో పెట్టే ఆదరణ కూడికకు జనగామ నుంచి హిమజ వస్తానన్నప్పటి నుంచి రూతుకు నిద్ర పట్టలేదు. భాస్కర్ దగ్గర గిటార్ నేర్చుకున్నవాళ్లంతా చర్చి పాటలు చాలనుకున్నారు. పక్కన తబలా లేకుండా, పాడేవాళ్లు లేకుండా, గిటార్ ఒక్కదానితో అతను వాయించుకునే జాజ్‌ను అడిగి నేర్చుకున్నది ఈ పిల్ల ఒక్కతే. ఈమె చేతిలో కూడా తమ్ముడు వినపడకపోతే ఇక వినపడడు.

ప్రార్థన అయింది. హిమజ భాస్కర్ గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. అలవాటుకొద్దీ అందరూ చప్పట్లు అందుకున్నారు. దెబ్బ ఎక్కడ పడాలో తెలియక కాసేపటికే చేతులు దించేశారు.

"ఓ పిల్లా, తీగలు సరిచేసుడు అయితలేదా ఇంక? పాటెప్పుడు?" అంది పక్కింటి మంగమ్మ.

"గిదే పాట పెద్దమ్మా. జర ఊకో" అంది రూతు.

మంగమ్మ భాస్కర్‌నూ రోజూ ఇదే అడిగేది. "దీనికి మాటలుండవ్ పెద్దమ్మా, నీ మాటలే పెట్టుకో" అని నవ్వేవాడు.

హిమజ బొటనవేలు లావు తీగల మీద నింపాదిగా నడుస్తోంది. సన్న తీగల మీద రాగం ఒక మాట అని, ఆలోచించి, అదే మాట ఇంకోలా అంటోంది. రూతు కళ్లు మూసుకుంది. రాగం పైకెక్కే చోటు ఒకటుంది. పత్తి మిల్లులో పనిచేసిన రోజుల్లో బెల్టులో పడి భాస్కర్ ఎడమచేతి ఉంగరపు వేలు వంకరపోయింది. రాగం ఆ చోటికొచ్చేసరికి ఆ వేలు వెనకబడేది. స్వరం కింది నుంచి జారుకుంటూ, మెట్లెక్కే ముసలివాడిలా ఆలస్యంగా పైకి చేరేది.

ఆ చోటు వచ్చింది.

హిమజ ఆగింది. స్వరం కింది నుంచి జారుకుంటూ వచ్చి, ఊపిరి తీసుకుని, చేరింది.

రూతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అందరూ అన్నాలకు లేచాక ఆమె హిమజ ఎడమచెయ్యి అందుకుని ఉంగరపు వేలు నిమిరింది. తిన్నగా ఉంది.

"నీ వేలు మంచిగనే ఉన్నది గద బిడ్డా. గక్కడ ఎందుకాగినవ్?"

"సార్ గూడ తిట్టేటోడక్కా. 'నా వేలు పని చేస్తలేదని ఆగుతున్న, నువ్వు నా తప్పు నేర్వకు' అనేటోడు. ఆగకుండ గూడ వాయించి చూసిన." హిమజ తల దించుకుంది. "ఉత్తగనిపించింది. ఎవరు వాయిస్తున్నరో తెలుస్తలేదు."

బయటి నుంచి మంగమ్మ అన్నానికి పిలుస్తోంది. రూతు అటు పోలేదు. గిటార్ తెచ్చి మళ్లీ ఆ పిల్ల ఒళ్లో పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇంకోసారి వాయించు బిడ్డా. గక్కడికొచ్చినంక ఇంకింత లేట్ చెయ్యి."